కోటుకి గుచ్చిన చీటీ

2025 చివరి నెలలు. వానలు వెనకపట్టి యాంగూన్‌లో ఎండ మళ్ళీ చురుక్కుమంటున్న రోజులు. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో, రైలు స్టేషను వెనక వీధిలో నాది ఒంటిగది కుట్టుషాపు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను. కాగితాల్లో నాకు బర్మా పేరుంది కానీ వీధిలో అందరికీ నర్సమ్మ పిన్నినే. నాది కరెంటు ఉన్నా పోయినా నడిచే తొక్కుడు మిషను. ఈ ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో దేవుడికే తెలియదు కాబట్టి, నాకు అన్నం పెడుతున్నది అదే.

అప్పుడు ఎన్నికల హడావిడి నడుస్తోంది. మా దేశంలో ప్రెసిడెంటుకి జనం నేరుగా ఓటు వెయ్యరు. పార్లమెంటులో కూర్చునేవాళ్ళు ఎన్నుకుంటారు. ఈసారి ఆ కుర్చీ ఎవరిదో ముందే తేలిపోయిందని మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా చెప్పేది. అయినా పెళ్ళి ఖాయమయ్యాక మేళగాళ్ళు రావాలి కదా, వాళ్ళకి బట్టలు కుట్టే పని నాకు తగిలింది.

సభలు ఏర్పాటు చేసే ఊ తేన్ అనే పెద్దమనిషి ఒక ఉదయం షాపుకొచ్చాడు. తెల్లచొక్కా, మర్యాద మాట. "డా నర్సమ్మా, పన్నెండు జతలు కావాలి. కచిన్, చిన్, షాన్, కరెన్, అన్ని జాతుల బట్టలూ. రేపు ప్రెసిడెంటయ్యే మనిషి మన మైదానానికి వస్తున్నారు. వేదిక మీద దేశమంతా కనిపించాలి" అన్నాడు బర్మీస్‌లో. డా అంటే ఇక్కడ పెద్ద ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే మాట.

"ఆ మనుషుల్ని ఎక్కణ్ణించి తెస్తారు?"

"తేవడమెందుకు? మీ వీధిలో ఇంటికొకరు. ఏ ఇళ్ళో వార్డు ఆఫీసు రాసిచ్చింది."

అంటే, ఎక్కడో కొండల్లో బాంబులు పడుతున్న ఊళ్ళ జనంలాగా మా తెలుగువాళ్ళూ ఒరియావాళ్ళూ నిలబడి చప్పట్లు కొట్టాలన్నమాట. పైగా ఇంకో మాట చెప్పాడు. "ముందువైపు మంచి బట్ట వెయ్యండి. వీపుకి లైనింగ్ చాలు. కెమెరా వెనక్కి రాదు." లైనింగ్ అంటే కోటు లోపల వేసే పల్చటి చవక గుడ్డ. బొత్తాలు కూడా వద్దన్నాడు, వెనక వెల్క్రో చాలట, చర్రున లాగితే ఊడొచ్చే పట్టీ. వెళ్ళాక నేనూ మిషనూ కలిసి నవ్వుకున్నాం. పిల్లల నాటకాలకి కూడా వీపు లేకుండా కుట్టలేదు నేను.

ఆ పన్నెండు ఇళ్ళలో పార్వతి ఇల్లు ఒకటి. మొగుడు ఓడ మీద పని చేస్తాడు. పార్వతికి ఏడో నెల. ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడు, దాని తమ్ముడు సింహాద్రి. ఇరవయ్యారేళ్ళు. మౌల్మేన్ వైపు వాళ్ళ ఊళ్ళో సైన్యానికి పిలిచే జాబితాలో పేరు పడగానే అక్క దగ్గరికి వచ్చేశాడు. రాత్రి ఇంట్లో పడుకునే చుట్టం పేరు వార్డు ఆఫీసులో రాయించాలన్నది ఇక్కడి రూలు. పార్వతి రాయించలేదు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ పెదవి విప్పలేదు.

కొలతలకి వెళ్తే పార్వతి కూలబడి ఉంది.

"పిన్నీ, నానెలగ ఎల్తానే? ఆ ఎండలో నాలుగు గంటలు నిల్సోగల్నేటి? ఎల్లకపోతే ఇంటికొచ్చి అడుగుతారు. అడిగితే ఈడు కనబడిపోతాడు."

సింహాద్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నానెల్తాను పిన్నీ. తలపాగా ఎట్టి, మొకానికి రంగు పూసీసినాక నన్నెవుడు పోల్చుకుంటాడు?"

నేను వద్దని ఉండాల్సింది. అనలేదు. "నిజమేరా, ఆ ఏసంలో మీ అమ్మ కూడా పోల్చుకోలేదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరూ కాదు. టేపు తీసి కొలిచాను. ఛాతీ ముప్ఫైఎనిమిది, భుజం పద్దెనిమిది, చెయ్యి ఇరవయ్యయిదు. పొడుగు మనిషి కాబట్టి కచిన్ వాళ్ళ నల్లకోటు వాడికి కేటాయించాను.

ఇక్కడ మా పనిలో ఒక అలవాటు చెప్పాలి. కుట్టిన ప్రతి గుడ్డకీ చీటీ గుచ్చుతాం. పేరు, ఇంటి నెంబరు, ఎవరి తాలూకో. మా నాన్న నేర్పింది అది. చీటీ లేని గుడ్డ షాపు దాటితే ఆయన నన్ను ఆ పూటంతా తిట్టేవాడు. మామూలుగా నేను తెలుగులో రాసుకుంటాను. ఈసారి పంచడానికి వీలుగా బర్మా అక్షరాల్లో రాయమన్నాడు ఊ తేన్. పన్నెండు చీటీలూ ఒక్క ఊపున కూర్చుని రాశాను. "ఇంటి నెంబరు ఇది, పార్వతి తమ్ముడు, సింహాద్రి." నా చెయ్యి రాసింది. నా బుర్ర అక్కడ లేదు.

సభ రోజు పొద్దున్నే సూదీ దారం పట్టుకుని నేనూ వెళ్ళాను. వదులైతే బిగించడం, బిగుతైతే వదలడం, దాన్ని మేం ఆల్టరేషన్ అంటాం. రెండు గంటలు రిహార్సల్ జరిగింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో, ఎక్కడ జెండా ఊపాలో, ఎవరు ఆనందం పట్టలేక ముందుకు రావాలో అంతా నేర్పారు. చివరికి ఆ ప్రెసిడెంటు కాబోయే పెద్దాయన వచ్చాడు. అందరిలోకీ పొడుగ్గా ఉన్న సింహాద్రి దగ్గర ఆగి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏ ఊరు నాయనా?" అని అడిగాడు. నేర్పినట్టే కచిన్ వాళ్ళ ఊరి పేరు "మిచీనా" అన్నాడు మావాడు, మహా సంతోషంగా. కెమెరాలన్నీ ఒక్కసారి మెరిశాయి. నేను వెనక నిలబడ్డాను కాబట్టి నాకు కనిపించింది ఆ లైనింగ్ గుడ్డా, దాని మీద చెమటా.

సభయ్యాక బట్టలు వెనక్కి తీసుకున్నారు. ఊ తేన్ కోట్లు లెక్క చూస్తుంటే పక్కన వార్డు ఆఫీసు గుమాస్తా ఒక్కో చీటీ పీకి తన దగ్గరున్న ఇళ్ళ జాబితాతో సరిచూసుకుంటున్నాడు. ఎవరు వచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో తేలాలి కదా. నల్లకోటు చీటీ మాత్రం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. దాని మీద నేనేం రాశానో అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికైనా పరుగెత్తి పార్వతికి చెప్పాల్సింది. చెప్పలేదు. ఏమీ కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాలవేళ పార్వతి ఇంటికి వార్డు ఆఫీసువాళ్ళు సైనికులతో వచ్చారు. సింహాద్రి చెయ్యి కడుక్కోకుండానే వాళ్ళ వెంట వెళ్ళాడు.

సాయంత్రం పార్వతి మా గుమ్మంలో ఏడుస్తూ అంది. "ఎలగ తెలిసిందో తెలీదు పిన్నీ. సిన్న సీటీ ఒకటి సేత్తో అట్టుకుని, తమ్ముడున్నాడటగదా ఏడని అడిగీసినారు. ఆ సీటీకి మూల రెండు కన్నాలున్నాయి."

ఆ కన్నాలు నా పిన్నీసువి. ఆ రాత్రి నా కొలతల పుస్తకంలోంచి వాడి పేజీ చింపి పొయ్యిలో పెట్టాను. సిగ్గులేదూ అని మీరు అడగచ్చు. నేను కూడా అడుగుతూనే ఉన్నాను.

వారం తిరిగాక ఊ తేన్ బట్టల మూట పంపించాడు. ఇంకో టౌన్‌షిప్‌లో సభ ఉందట, నల్లకోటు పొట్టి మనిషికి సరిపడా తగ్గించాలట. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. వాడి భుజాలు నా చేతుల్తోనే విప్పి, అంగుళమున్నర లోపలికి మడిచి కుట్టాను. ఆ కుట్టు జీవితంలో నేను చేసిన పాడు పని.

మా వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయన చెయ్యి వేసిన భుజం, పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న సింహాద్రి. పార్వతి మార్కెట్‌కి వెళ్ళినప్పుడల్లా దాని కింద ఆగేది.

నెల తిరిగాక నా దగ్గరికి వచ్చింది. "పిన్నీ, ఆడికి ఒక సర్టు కుట్టియ్యి. ఎక్కడున్నాడో తెలిస్తే అంపుతాను. కొలతలు నీ బుక్కులో ఉన్నాయిగదా."

"బుక్కులో లేవు అమ్మీ. పేజీ నానే సింపీసినాను" అన్నాను. తరవాత అంతా చెప్పాను, చీటీ నేను రాసిందేనని, గుమాస్తా జేబులో పెట్టుకోవడం చూశానని. దాని కాళ్ళు పట్టుకుందామనిపించింది. కానీ అది కడుపుతో ఉన్న పిల్ల, వంగి నన్ను లేపాలి.

పార్వతి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఏ గుడ్డకీ పేరు రాయను. అంచుకి రంగుదారంతో ముడి వేస్తాను, ఏ రంగు ఎవరిదో నా తలలోనే ఉంటుంది. మరిచిపోతే మరిచిపోయాను, ఒకళ్ళ రవిక ఇంకొకళ్ళకి వెళ్తుంది, అంతేగా. మా నాన్న తిట్టినా సరే. పేరు గుర్తుంచుకోవడం ఎంత ముఖ్యమో చెప్పాడాయన. ఎవరి ముందు రాయకూడదో చెప్పాల్సిన రోజులు ఆయన చూడలేదు.

నేను అంతా చెప్పిన ఆ రోజు, లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది పార్వతి.

"కొలతలు నీకు గేపకం ఉన్నాయేటి?"

"ఉన్నాయమ్మీ. ముప్ఫైఎనిమిది, పద్దెనిమిది, ఇరవయ్యయిదు."

"అయితే కుట్టు. సీటీ మాత్రం ఎట్టకు."

కుట్టాను. వీపుకి కూడా మంచి బట్టే వేశాను. పంపడానికి ఇంకా చిరునామా రాలేదు.