మన దిక్కు హీటరెందుకక్కా

"మన దిక్కు హీటర్ ఎవలేస్తరక్కా?" అని కోరుట్లలో మెకానిక్కు పగలబడి నవ్వాడు. నేను బానెట్ ధడాలున మూసేశాను. నవ్వాల్సిన మాట నేనేమీ అనలేదు. హీటరు వేస్తే చల్లగాలి వస్తోంది, బాగుచేయమన్నానంతే. ఎండాకాలంలో ఏసీ చల్లబడటం లేదని ఇదే షాపు ముందు కార్లు వరస కడతాయి. అప్పుడు మాత్రం ఆయన నవ్వడు, చాలా గంభీరంగా గ్యాసు నింపుతాడు. హీటరు అనేసరికి నేనేదో మంచుకొండల నుంచి దిగివచ్చిన మనిషిని అయిపోయాను.

"ఏసీ బంద్ చేసుకోండ్రి. గదే హీటర్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. ఫ్యూజు చూశాడు, ఫ్యాను తిరుగుతోందన్నాడు, బండికి ఏ రోగమూ లేదని తేల్చేశాడు.

బండికి లేకపోవచ్చు. మా అత్తమ్మకు ఉంది. ఆమె కిడ్నీలు పనిచేయడం మానేసి రెండేళ్లు దాటింది. వారానికి మూడు రోజులు జగిత్యాల తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. మాకు ఇచ్చింది పొద్దుటి షిఫ్టు, చీకటి ఉండగానే కోరుట్లలో బయల్దేరితే తప్ప అందుకోలేం. మొదట్లో బస్సులో తిప్పాను. తిరిగొచ్చేటప్పుడు ఆమెకు కళ్లు తిరిగి నా మీదకు ఒరిగిపోయేది. అప్పుడు దుబాయిలో ఉన్న మా ఆయనను ఒప్పించి సిరిసిల్లలో ఒక పాత కారు కొన్నాను, డ్రైవింగు నేర్చుకున్నాను. బ్లౌజులు కుట్టుకునేదానికి కారెందుకు అన్నవాళ్లు మా వాడలో చాలామందే ఉన్నారు. ఇప్పుడు వాళ్లే పెళ్లిళ్లకు పోవాలి, జర దింపుతావా అని అడుగుతున్నారు. నేను దింపను.

చలికాలం వచ్చేదాకా కారు బాగానే నడిచింది. ఆ తర్వాతే అసలు బాధ మొదలైంది. డయాలసిస్ మొదలుపెట్టినప్పటి నుంచి అత్తమ్మకు మామూలు చలి కూడా ఓర్వరానిదైంది. స్వెటరు, దాని మీద శాలువా, తలకు మంకీ క్యాప్, కాళ్లకు సాక్సులు, ఇన్ని వేసినా పళ్లు టకటక కొట్టుకునేవి. పోనీ అద్దాలన్నీ మూసేద్దామా అంటే మా ఇద్దరి ఊపిరికి ముందు అద్దం మసకబారి రోడ్డు కనిపించేది కాదు. ఆ మసక పోవాలంటే గాలి వేయాలి, లేదంటే కిటికీ దించాలి. ఏది చేసినా చలి తిన్నగా ఆమె మీదికే. నాబ్‌ను ఎర్రగీత చివరిదాకా తిప్పినా లోపలికి వచ్చేది బయటి చలే.

అత్తమ్మ నోరు మెత్తనిది కాదు. పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టి, వాటిని కొనే కమీషన్‌దారుతో రోజూ తగువు పడి పిల్లల్ని సాకిన మనిషి. ఆమెను చూడటానికి వచ్చిన ఒక పెద్దావిడ, వెళ్తూ తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండు చెల్లే," అంది.

"సల్లగనే ఉన్న అక్కా, గదే నా తిప్పలు," అంది అత్తమ్మ. "జర ఉడుకుగుండుమని దీవించి పో."

ఆవిడ నొచ్చుకుంది. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. అయితే ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఒక గురువారం తెల్లవారుజామున లేపితే ఆమె దుప్పటి తీయలేదు.

"నేను రాను. ఎండలచ్చినంక తీస్కపో."

"గట్ల కుదరదు అత్తమ్మా. డాక్టరు ఏమన్నడు?"

"డాక్టరును రమ్మను గా కార్ల. నా పక్కన కూసోమను."

ఎంత బతిమాలినా లేవలేదు. మర్నాడు సాయంత్రానికి కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడక మంచం మీద కూర్చునే ఉంది. శనివారం ఆమెను దాదాపు ఎత్తుకుని కారెక్కించాను. అక్కడ డాక్టరు ఆమెను ఒక్కమాట అనలేదు, తిట్లన్నీ నాకే పడ్డాయి. ఇంకొకసారి మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని, తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని చెప్పాడు. తిరిగి వస్తుంటే అత్తమ్మ కిటికీ వైపు ముఖం పెట్టుకుని, "గిదే ఆఖరు. ఇంట్ల మంచంల వెచ్చగ సస్త గని గీ కార్ల బిగుసుకపోయి సావ," అంది. బెదిరించడానికి అన్న మాట కాదు. ఆలోచించుకుని అన్నట్టుగా, మామూలుగా అంది.

నాకు ఆమె మీద కోపం వచ్చింది, దాచుకోను. అంతకంటే ఎక్కువ కోపం ఆమె సొంత తమ్ముడి మీద వచ్చింది. విషయం చెప్పి, నువ్వైనా నచ్చజెప్పమని ఫోన్ చేస్తే, "వయసైపాయె. ఇంకెందుకమ్మా గా ముసల్దాన్ని బలవంతం చేసుడు?" అన్నాడు. ఎందుకు. కారెందుకు, హీటరెందుకు, ముసలమ్మకు ఇంకా బతుకెందుకు. ఈ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే ఫోన్ పెట్టేశాను. మళ్లీ మంగళవారమే ఆమె వంతు. ఆలోపు ఆ కారులో వేడిగాలి రావాలి, ఎవరు నవ్వినా సరే.

ఆదివారం మిషను మీద సగం కుట్టిన బ్లౌజులు అట్లాగే వదిలేసి ఫోను పట్టుకుని కూర్చున్నాను. మన వైపు వాళ్ల వీడియోలన్నీ ఏసీ గురించే. చివరికి ఎక్కడో చలిప్రాంతంలో షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్కు హిందీలో చెబుతూ దొరికాడు. ఇంజను నుంచి కారు లోపలికి రెండు రబ్బరు పైపులు పోతాయి, బండి కాసేపు నడిపాక వాటిని పట్టుకుని చూడండి అన్నాడు. ఒకటి కాలుతూ, రెండోది చల్లగా ఉంటే లోపల హీటరు జాలీ పూడుకుపోయినట్టు. రెండూ గోరువెచ్చగానే ఉంటే హీటరుది తప్పు కాదు, ఇంజనే వేడెక్కడం లేదు. అప్పుడు వేడి చూపించే ముల్లు ఎక్కడుందో చూడమన్నాడు.

కారు తీసి ఊరు చుట్టూ తిప్పుకొచ్చి, ఇంటి ముందు బానెట్ ఎత్తి పైపులు పట్టుకున్నాను. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. లోపలికి వంగి ముల్లు చూశాను. అది అట్టడుగున పడుకుని ఉంది. కొన్న నాటి నుంచి అది అక్కడే ఉంది. నేనూ దాన్ని చూసి సంతోషించినదాన్నే. కోరుట్ల మెకానిక్కయితే "ముల్లు లేవనే లేవదు, సూపర్ బండక్కా," అని మెచ్చుకున్నాడు కూడా. మా దగ్గర ఎండలు అట్లాంటివి. చల్లగా ఉన్నదానికి ఏదైనా రోగం ఉంటుందని ఎవరికీ తోచదు.

ఆ వీడియో ఆయన చెప్పినదాని ప్రకారం, ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు ఒకటి ఉంటుందట. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూ చల్లబడుతూనే ఉంటాయి, హీటరుకు వేడి అందదు. సోమవారం పొద్దున్నే మళ్లీ మెకానిక్కు దగ్గరికి పోయి, వాల్వు ఉందో లేదో విప్పి చూడమన్నాను.

"ఉండదక్కా," అన్నాడు, చూడకుండానే. "మన దిక్కు ఎవలు ఉంచుకుంటరు? ఇంజన్ సల్లగుండాలని అందరం తీసేస్తం."

"మరి గా రోజు చెప్పలేదేంది?"

"మీరు హీటర్ అన్నరు. వాల్వ్ అనలే గదా."

చేతిలో పానా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. కొత్తది పెట్టమన్నాను. పెట్టనన్నాడు. ఇంజను వేడెక్కే జబ్బు ఉండి దాన్ని తీయించారో, ఊరికే తీయించారో తెలియకుండా పెడితే రేపు ఎండల్లో ఇంజను పట్టేస్తుందట, అప్పుడు అందరూ తననే అంటారట. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గాని ఆ మాటలో న్యాయం ఉంది. కారు అమ్మినాయనకు ఫోన్ చేశాను. "అన్నీ ఒరిజినలే బిడ్డా," అని పెట్టేశాడు. నేను కారు సిరిసిల్ల దారి పట్టించాను. జగిత్యాల దాటాను, కొడిమ్యాల దాటాను, ముల్లు మాత్రం అడుగు నుంచి లేవలేదు.

కారు అమ్మినాయన సిరిసిల్లలో మా పుట్టింటి వాడలోనే సాంచాలు నడిపే ఆసామి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి నడుస్తుంటే మనిషి మాట మనిషికి వినపడదు, అందుకని మా ఇద్దరి సంభాషణా కేకలతోనే జరిగింది.

"కాకా, బండిల వాల్వ్ తీపిచ్చినవా?"

"ఏందీ?"

"వాల్వ్!"

"ఓ, గదా! కొన్న నెలకే తీపిచ్చిన బిడ్డా! మంచిగ సల్లగుంటదని!"

"ఇంజన్ ఎన్నడన్న వేడెక్కిందా?"

"ఎన్నడెక్కలే! ఎక్కద్దనే తీపిచ్చిన!"

"మరి ఫోన్ల అన్నీ ఒరిజినలే అన్నవు?"

"ఒరిజినలే! ఉన్నయన్ని ఒరిజినలే!"

అక్కడి నుంచే మెకానిక్కుకు ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టాను. వేడెక్కే జబ్బు లేదని చెప్పించడానికి. ఆయన సాంచాల మోతకు మించి అరిచి చెప్పాడు. అవతలి నుంచి మెకానిక్కు "మంచి పని చేసినవన్నా," అని మెచ్చుకోవడం నాకు స్పీకర్‌లో వినిపించింది. ఇద్దరూ వాల్వులు తీసేయడం ఎంత లాభమో కాసేపు చెప్పుకున్నారు. నేను ఫోను లాక్కుని, "మీ ముచ్చట అయిపోయిందంటే, సాయంత్రం వస్తున్న, పెట్టాలె," అన్నాను.

అత్తమ్మ చలి సంగతి చెబితే ఆసామి నిజంగానే బాధపడ్డాడు. నాకు మేలే చేశాననుకున్నాడు పాపం. వెళ్లేటప్పుడు బయటిదాకా వచ్చి, "మల్ల పెట్టియ్యకు బిడ్డా, బండి ఖరాబైతది. మీ అత్తకు ఓ మంచి చద్దరిస్త, కప్పు," అన్నాడు.

"చద్దర్లు మస్తున్నయి కాకా. ఆమెకు కావాల్సింది వేడి," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. సాంచాల మోత బయట అంత లేదు, వాడకట్టంతా వినపడి ఉంటుంది. వినపడనీ అనుకున్నాను.

వాల్వు జగిత్యాలలో దొరికింది. నాలుగు దుకాణాలు తిరిగాక, ఒకాయన పై అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా దించి ఇచ్చాడు. కోరుట్లలో మెకానిక్కు మూతి ముడుచుకునే బిగించాడు. కూలెంట్ నింపి ఇంజను స్టార్టు చేశాడు. ఇద్దరం ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి అది కదిలింది. మెల్లగా పైకి లేవసాగింది.

"అక్కా, ముల్లు లేస్తున్నది! బంద్ చెయ్యాలె!"

"లేవనియ్యి."

"ఇంజన్ పోతదక్కా!"

"పోతే నాది పోతది. నువ్వు తాళం మీంచి చెయ్యి తీయి."

నాకూ భయమే. ఇంజను పోతే మంగళవారానికి కారే ఉండదు. ముల్లు నడిమికి వచ్చి ఆగింది. రేడియేటరు ముందున్న ఫ్యాను కాసేపు తిరిగి ఆగిపోయింది, ముల్లు మాత్రం నడిమిలోనే నిలబడింది. నాబ్ ఎర్రగీతకు తిప్పి గాలి వేశాను. మెకానిక్కు గాలి వచ్చే జాలీ ముందు చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"కాలుతున్నదక్కా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మంగళవారం తెల్లవారుజామున అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను బతిమాలలేదు. కారు స్టార్టు చేసి వేడెక్కనిచ్చి, లోపలికి వచ్చి, "ఒక్కసారి కూసోని చూడు. సల్లగాలి వస్తే మన గల్లీ మలుపు కాడ్నుంచే వాపస్ తోల్కస్త, మల్ల రమ్మని అడగ," అన్నాను. నా ముఖంలో ఏం చూసిందో, లేచింది. ఆ పందెం ఓడితే నిజంగా వెనక్కి తీసుకురావాల్సి వచ్చేది. ఆమె మాట తప్పనివ్వదు.

కారెక్కి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. గల్లీ మలుపు వచ్చింది. వెనక్కి తిప్పమనలేదు. నేనూ ఆపలేదు. మేడిపల్లి దాటాక మంకీ క్యాప్ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత చేతులు రెండూ బయటికి తీసి, గాలి వచ్చే జాలీ ముందు వేళ్లు విప్పి పట్టుకుంది.

"ఏందే, నన్ను ఉడకబెడ్తవా ఏంది?" అంది.

నేను నాబ్ కొంచెం వెనక్కి తిప్పాను. ఆమె చెయ్యి చాపి మళ్లీ ముందుకు తిప్పింది. ముందు అద్దం మీద మసక లేదు. జగిత్యాల లైట్లు దూరం నుంచే కనిపించాయి.

వార్డులో ఆమెను తలుపు పక్క బెడ్డు మీద పడుకోబెట్టారు. నర్సు చేతికి సూది ఎక్కించి, మిషను ఆన్ చేసి పక్కకు పోబోతుంటే అత్తమ్మ పిలిచింది.

"ఓ సిస్టరమ్మా, గీ తలుపు కాడ నాకద్దు. ఎల్లుండి నేనచ్చేటాల్లకు గా మూలకున్న బెడ్డు నాకుంచు. ఇంకెవలన్న పండితే లేపుత, ముందే చెప్తున్న."

నర్సు నవ్వి సరేనంది. నేను గబగబా వరండాలోకి వచ్చి, గోడ పట్టుకుని ఏడ్చాను. చలి మొదలయ్యాక ఎల్లుండి అన్న మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి.