అత్తగారి ముక్కు

ల్యాబులో ఆమెను అందరూ ముక్కు మేడమ్ అంటారు. ఎదురుగానే అంటారు. చూస్తే అది చెప్పుకోదగ్గ ముక్కేమీ కాదు. క్రీములు, నూనెలు, పౌడర్లు బజారుకు వెళ్లేముందు వాటి రంగు, చిక్కదనం, వాసన పరీక్షించి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. రంగూ చిక్కదనం ఎవరైనా చూస్తారు. వాసన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏళ్ల తరబడి ఆమె మాటకు తిరుగులేదు. ఎన్నాళ్లు నిలవ ఉంటుందో చూడటానికి వేడి అల్మరాలో నెలలపాటు మగ్గించిన సీసా మూత తీసి, అందులో సన్నటి కాగితం ముక్క ముంచి, ముక్కు దగ్గర ఆడించి "ఇందులో నూనె పాడవుతోంది" అనేది. పరీక్షలు చేసే మిషను ఆ సంగతి మరుసటి నెలకు ఒప్పుకునేది.

అలాంటి ముక్కు ఒక మామూలు జలుబుతో పోయింది. జలుబు తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. డాక్టరు "వస్తే వస్తుంది" అన్నాడు. ఆమాత్రం ఆమెకూ తెలుసు. ఈ సంగతి ల్యాబులో గానీ ఇంట్లో గానీ చెప్పలేదు. వాసన తెలియని ముక్కు మేడమ్‌కి ఎవరు జీతమిస్తారని భయం.

ఇంట్లో అత్తగారు ఉన్నారు. వంకలు పెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. తువ్వాలు సరిగ్గా ఆరలేదంటారు. పక్కింటివాళ్లు సబ్బు మార్చారంటారు. కొడుకు గుమ్మంలో ఉండగానే మధ్యాహ్నం ఏం తిన్నాడో చెబుతారు. ఇన్నాళ్లూ ఆ ముక్కుతో వేగలేక చచ్చిన కోడలికి ఇప్పుడు దాని మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ముంచిన కాగితాలను మూత బిగించిన చిన్న సీసాల్లో పెట్టి ఇంటికి తేవడం మొదలుపెట్టింది. ల్యాబు నియమాల ప్రకారం అది పెద్ద తప్పు.

"ఇదెలా ఉంది అత్తయ్యా?"

"నిన్నటిదానికంటే నయం. లోపలెక్కడో కొంచెం పచ్చివాసన కొడుతోంది."

ఎందుకు అడుగుతున్నావని అత్తగారు అడగలేదు. సాయంత్రమయ్యేసరికి ముఖం కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని బల్ల ముందు కూర్చునేవారు. వాసన చూడటానికి కళ్లజోడు దేనికో ఆవిడకే తెలియాలి. ఈ పనిలో పడ్డాక వంటకు వంకలు పెట్టడం కూడా మానేశారు. తీరిక దొరకడం లేదు కాబోలనుకుంది కోడలు.

ఒకరోజు పసిపిల్లల క్రీము వంతు వచ్చింది. అత్తగారు ఒక్కసారి పీల్చి కాగితాన్ని దూరంగా పెట్టేశారు.

"పాత నూనె కంపు. దీన్ని పిల్లలకి రాస్తారా?"

మర్నాడు కోడలు రిపోర్టులో ఫెయిలని రాసింది. మిషను మాత్రం అంతా హద్దులోనే ఉందంటోంది. మేనేజరు లేబుళ్లు లేని రెండు సీసాలు పట్టుకొచ్చాడు.

"ఒకటి మీరు ఫెయిల్ చేసింది, ఇంకోటి కొత్తది. పాడైందేదో చూపించండి మేడమ్. చూపిస్తే ఆపేద్దాం. లేదంటే రేపు పంపేద్దాం."

ఆమె రెండూ వాసన చూసింది. మంచినీళ్ల సీసాలకీ వాటికీ తేడా తెలియలేదు. ఏదో ఒకటి చూపించవచ్చు. అది తప్పయితే ఆ క్రీము ఊళ్లో పిల్లలందరి ఒంటికీ అంటుతుంది. సీసాలు కింద పెట్టింది.

"నాకు వాసన తెలియడం లేదు సార్. రెండు నెలలైంది. పాడైందని చెప్పింది మా అత్తగారు."

మేనేజరు రెండు సీసాల మూతలూ బిగించాడు.

"ఆవిడ ఏం చదువుకున్నారు?" అన్నాడు చివరికి.

ఆయన క్రీమును ఆపించాడు. రెండు నెలల్లో ఆమె సంతకం పెట్టిన సరుకంతా బయటి ల్యాబుకు పంపించాడు. ఆమెను లేబుళ్లు అంటించే బల్లకు మార్చాడు. సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ ముక్కు మేడమ్ అనకుండా ఉత్త మేడమ్ అన్నాడు. ఎన్నోసార్లు విసుక్కున్న ఆ పేరు కోసం ఆమె గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

ఇంట్లో అత్తగారు కళ్లజోడు పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు.

"ఇవాళ ఏం తేలేదా?"

"ఇక తేను అత్తయ్యా. ఆఫీసులో చెప్పేశాను."

ఆమె వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద పాలు పెట్టి, అక్కడే నిలబడి ఏడ్చింది. కాసేపటికి అత్తగారు వచ్చి, పక్కనుంచి చెయ్యి చాపి పొయ్యి ఆపేశారు.

"మాడాయా?" అంది కోడలు.

"రెండు నెలల నుంచీ మాడుతూనే ఉన్నాయి. రోజూ తాగుతూనే ఉన్నాం. అబ్బాయిని కూడా నోరెత్తొద్దన్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా" అన్నారు అత్తగారు, గ్లాసులు అందుకుంటూ.