ఒక్క పూట దావ

మా ఊళ్లో చావాలంటే ఎండాకాలంలోనే చావాలని మా అవ్వ నవ్వుతూ అనేది. పుంగనూరు దగ్గర పల్లె మాది. మా వాడకూ శ్మశానానికీ మధ్య పెద్దింటివాళ్ల పొలం ఉంది. గట్టు మీద పోతే నాలుగడుగుల దారి. కానీ శవాన్ని ఆ గట్టు మీద పోనివ్వరు, పంటకు మైల అంటారు. అందుకని చుట్టూ తిరిగి, వంకలో దిగి అవతలికి పోవాలి. వానాకాలంలో ఆ వంక ఎవరి మాటా వినదు.

అలా అన్న అవ్వ ముసురు రోజుల్లోనే పోయింది. తొంభైలలో సంగతి. అప్పటికి మా నాయన మదనపల్లెలో పోస్ట్‌మ్యాన్. పాడె తలల మీదికి ఎత్తి పట్టుకున్నా నడి వంకలో ఒకరి కాలు జారి అవ్వ తడిసిపోయింది. తల్లి పోయినందుకు ఏడవని మా నాయన, తల్లి తడిసినందుకు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పటి నుంచి మా నాయనకు ఆ దారి పిచ్చి పట్టుకుంది. మంచి మాట ఏదైనా వాడొచ్చు గానీ, అది పిచ్చే. పగలంతా సైకిల్ మీద వీధులు తిరిగి, ఇంటికొచ్చి అర్జీలు రాసేవాడు. వాడలో ముసలివాళ్ల పింఛన్ల కోసం, బోరింగు కోసం కూడా ఆయనే తిరిగాడు. అవి వచ్చాయి. దారి మాత్రం రాలేదు.

"ఊరందరి జాబులూ ఇండ్లకు చేరస్తావు, నీ అర్జీ మాత్రం యాడా చేరదు గదయ్యా" అని మా అమ్మ ఎగతాళి చేసేది.

కుప్పానికి బదిలీ అయినా మానలేదు. అక్కడ అరవంలో రాసిన అడ్రసులు చదవడం నేర్చుకుంటూనే, ఆదివారం వస్తే పలమనేరు మీదుగా బస్సులు మారి, మదనపల్లెలో ఉన్న మా దగ్గరికి రాకుండా నేరుగా పల్లెకు పోయేవాడు. మాకు ఒళ్లు మండేది.

చివరికి సర్వేయర్ వచ్చాడు. ఊరి పటంలో అక్కడ దారి ఉందని తేల్చి రాళ్లు పాతించాడు. మళ్లీ మేం పోయేసరికి రాళ్లు లేవు, టమాటా నారు ఉంది. అప్పుడే పెద్దింటాయన మా నాయన్ని పిలిపించాడు. నేనూ వెంట ఉన్నాను.

"నీకూ నీ ఇంటోళ్లకూ అయితే దావ ఇడుస్తానప్పా. ఊరోళ్ల సంగతి నీకేల?" అన్నాడు.

"జాబు మింద ఎవురి పేరుంటే వాళ్లకే ఇయ్యాల సామీ. ఈ దావ మింద ఊరి పేరుండాది" అన్నాడు మా నాయన.

రిటైరైన ఏడాదే జబ్బుచేసి మదనపల్లె ఆసుపత్రిలో కన్నుమూశాడు. బయట తుపాను వాన. పల్లెకు తెచ్చేసరికి వంక గట్లు తెగేటట్టు పారుతోంది. కుప్పం నుంచి కూడా జనం వచ్చారు. ఆయన్ని కూడా తడపాలా అని నాకు దుఃఖం ఆగలేదు. అంతలో పెద్దింటాయన గొడుగు వేసుకుని మా వాడకు వచ్చాడు.

"అంతటి మనిషిని వంకలో యాల తీసకపోతారు? మా చేన్లో రాండి" అన్నాడు.

తనే దగ్గరుండి ముళ్లకంచె తీయించాడు. కాపు మీదున్న టమాటా చెట్లు కట్టెలతో సహా పీకించాడు. జనం చేతులెత్తి మొక్కారు. నేనూ మొక్కాను. మా నాయన గెలిచాడనుకున్నాను. అమ్మ మాత్రం చేతులెత్తలేదు.

మూడో రోజు పాలు పోయడానికి బయల్దేరాం. కంచె మళ్లీ వేసి ఉంది. కాపలా మనిషి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. పాపం, అతనిదీ మా వాడే.

"ఆ పొద్దు అన్న కోసరం ఇడిసినారమ్మా. ఇంగ ఎవురినీ ఇడవద్దన్నారు" అని తల దించుకున్నాడు.

నేను అరిచాను, నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని వంక వైపు లాక్కుపోయింది. వరద తగ్గింది గానీ నీళ్లింకా నడుం దాకా ఉన్నాయి. పాల చెంబు నెత్తిన పెట్టుకుని ముందు ఆమే దిగింది. నడి వంకలో ఆగి, వెనక్కి తిరగకుండానే అంది:

"మీ నాయన్ని గూడా ఈ నీళ్లలోనే తీసకపోవాల్సిండె. అందరి మాదిరే."