బాబాయి నాలుగో గంట

ఆసుపత్రిలోని డయాలసిస్ గదిలో ఆమెను అందరూ మిషన్ల అక్క అంటారు. తనకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాళ్లు అలా పిలిచినా ఆమె కాదనదు. సూది గుచ్చడంలో హస్తవాసి మంచిదని పేరు. మాటలో మాత్రం మొహమాటం లేదు. నీళ్లు ఎక్కువ తాగి వచ్చినవాళ్లను అక్కడికక్కడే కడిగిపారేస్తుంది.

కిటికీ పక్క కుర్చీ ఆమె బాబాయిది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తండ్రి పోయాక ఆమెను ఈ చదువు చదివించింది ఆయనే. కిడ్నీలు చెడ్డాక ఆయన ప్రాణం ఆ మిషన్ మీదే ఆధారపడింది. ఖర్చంతా ప్రభుత్వ ఆరోగ్య బీమాది.

బీమాలో రోగులు పెరిగారు, నిధి పెరగలేదు. కొత్తవాళ్లను తిప్పి పంపకుండా, ఒక్కొక్కరికి నాలుగు గంటల బదులు మూడే ఇమ్మని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పైవాళ్లకేం, కాగితం మీద ఓ గంట కొట్టేయడం ఎంతసేపు? ఇక్కడ ఆ గంట లేకపోతే కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఊపిరాడదు.

"ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ బీమాకని జీతంలోంచి కోయించుకున్నాను," అన్నాడు బాబాయి. "ఒక్కనాడు మాత్ర కూడా అడగలేదు. నా తర్వాత ఈ మిషన్ ఎక్కే ఆ పెయింటరు నిన్నగాక మొన్న బీమాలో చేరాడు. వాడికీ నాకూ ఒకటేనా?"

"రోగానికి సీనియారిటీ ఏముంది బాబాయ్? నువ్వు నాలుగు తీసుకుంటే వాడికి రెండే మిగుల్తాయి."

"ఎవరు చూడొచ్చారు? మిషన్ నీ చేతిలోనే ఉందిగా."

అదీ నిజమే. అడిగేవాడు లేడు. ఆమె మనసు పీకింది. అయినా మూడో గంట కాగానే అందరికంటే ముందు ఆయన మిషనే ఆపింది. చివరిదాకా ఉంచితే తనకు చెయ్యి రాదని ఆమెకు తెలుసు. బయట బెంచీ మీదున్న పెయింటరు తల వంచుకుని లోపలికి వచ్చాడు.

తర్వాత వారమంతా ఆమె సూది గుచ్చుతున్నంతసేపూ బాబాయి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆపైన ఒకరోజు చెయ్యి చాపుతూ అన్నాడు.

"అమ్మాయ్, సూది నువ్వే గుచ్చు. ఆపేటప్పుడు మాత్రం ఇంకెవర్నైనా పంపు."

"ఎవరాపినా మూడు గంటలే కదా బాబాయ్."

"తెలుసులే. వాళ్లాపితే ప్రభుత్వం ఆపినట్టుంటుంది. నువ్వాపితే మా అన్న కూతురు ఆపినట్టుంటుంది."

ఆమె సరేనంది. ఆ రోజు మూడో గంటకు కొత్త నర్సును కిటికీ దగ్గరికి పంపి, తాను పెయింటరు బరువు చూడటానికి వెళ్లింది. కాటా మీది అంకెను రెండుసార్లు తప్పు చదివింది.