రెండో నాలి

ఆ వస్తువును నేను పైపు కిందే కొన్నాను. అది పైపు కాదని గోనెసంచి మూతి విప్పగానే తెలిసింది, అయినా పైపు ధరే ఇచ్చాను. గొప్పకు చెప్పడం లేదు. తూనికరాళ్లతో ఆడుకుని పెరిగినవాడికి చేతికొచ్చిన బేరాన్ని వదులుకోవడం ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

మా దుకాణం భైంసా పోయే తోవలో, వారానికోసారి సంత జరిగే ఒక ఊళ్లో ఉండేది. ముందు పప్పూ ఉప్పూ, వెనక పాత ఇనుము. ఎనభైల నడుమ ఒక ఎండాకాలం, గోదావరి మీది ప్రాజెక్టులో నీళ్లు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. పన్నెండేళ్ల కిందట మునిగిన ఊరొకటి బయటపడింది. చూడడానికి జనం బండ్లు కట్టుకుని పోతుంటే నేనూ పోయాను. కప్పుల్లేవు, గోడలు మోకాలెత్తున మిగిలాయి, ఎటు చూసినా నెర్రెలిచ్చిన బురద. అయినా ఒక్క మనిషి కూడా గోడ దాటి లోపలికి పోవడం లేదు. వెనుకటి వాకిలి ఎక్కడో వెతుక్కుని, అక్కడ చెప్పులు విడిచి, లేని ద్వారబంధం తలకు తగలకుండా వంగి లోపలికి అడుగు పెడుతున్నారు. ఒకామె పొయ్యి ఉండిన చోట కూర్చుని ఎండిన మట్టిని అరచేత్తో అలుకుతోంది, చేతిలో పేడా లేదు, నీళ్లూ లేవు. పాత ఇనుము దొరుకుతుందేమోనని సంచి పట్టుకుపోయినవాణ్ణి, ఒక్క మేకు కూడా ఏరకుండా తిరిగొచ్చాను.

వారం తిరిగేసరికి ఇనుమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేపలు పట్టే అతను సంచి దించి, "గొట్టాలు సేటు. రెండు జోడు కలిసినయ్," అన్నాడు.

"పంపుసెట్టు పైపులు," అన్నాను మొహంలో ఏమీ కనబడనీయకుండా. "సగం గోదారి తిన్నంక నాకు తెచ్చినవా?"

"మిగిలిన సగమన్న కొను మరి."

"పట్టిందంత గీకినంక జోకుదం. మన్ను నీది, ఇనుము నాది."

"నువ్వు గీకితె ఇనుము గూడ మిగలది సేటు."

తూకం అయ్యాక, మాటవరుసకు, ఎక్కడ దొరికిందని అడిగాను. అతను నవ్వడం ఆపాడు.

"దక్షిణం దిక్కు చిన్న ఇండ్లున్నయ్ గద, ఆడ ఇంక నడుం మట్టం నీళ్లున్నయ్. వల తట్టుకుంటె మునిగిన. తలుపు మూలకు నిలవెట్టి ఉన్నది. పడిపోలే, ఒరగలే. ఎవలో గిప్పుడే నిలవెట్టి ఇంట్లకు పోయినట్టున్నది. నాకైతె మల్ల ఆడ మునగబుద్ధి కాలే."

ఆ రోజుల్లో మా దిక్కు ఇంట్లో తుపాకీ ఉంటే పోలీసులకు ఒక జవాబు చెప్పాలి, అడవిలోంచి వచ్చేవాళ్లకు ఇంకో జవాబు చెప్పాలి. నా దగ్గర రెండూ లేవు. బుద్ధున్నవాడెవడైనా అదే పూట ఠాణాలో అప్పజెప్పేవాడు. శుభ్రం చేయిస్తే పట్నంలో ఏ దొరగారి గోడకో అలంకారంగా అమ్మొచ్చని నాకు తోచింది. సంచిని బియ్యం బస్తాల నడుమ పెట్టి రిక్షాలో మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను.

మిస్త్రీ ముసలాయన. ఒకప్పుడు చుట్టుపక్కల పటేళ్ల తుపాకులన్నీ ఆయన చేతిమీదుగానే బాగయ్యేవి. కాలం మారి తుపాకులన్నీ ఠాణాల్లో జమ అయ్యాక తాళాలూ కిరసనాయిలు స్టవ్వులూ చేసుకుంటున్నాడు. సంచి విప్పి చూసి, "సేట్‌సాబ్, ఇది పైపైతె నేను నవాబును," అన్నాడు. వెంటనే, "మూతి గోడ దిక్కు తిప్పు, జల్ది," అన్నాడు.

"పన్నెండేండ్లు నీళ్లల్ల ఉన్నది గద చాచా. ఇంకేం పేలుతది?"

"అది సచ్చిందని నీకెవరు చెప్పిన్రు?"

అది భర్మార్ అని ఆయనే చెప్పాడు. తూటా పెట్టే రకం కాదు. మూతిలోంచి మందు పోసి, గుడ్డ ఉండ దూర్చి, సీసపు రవ్వలు పోసి, మళ్లీ గుడ్డతో బిగించేది. అందులోనూ జోడునాలి, పక్కపక్కన రెండు గొట్టాలది. తుప్పూ ఒండ్రూ కలిసి చెట్టు బెరడులా పట్టాయి. సగం కోసిన డ్రమ్ములో కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టాడు. ఇనుముతో కాకుండా వెదురు చెక్కతో, పుండు కడిగినట్టు నెమ్మదిగా గీకాడు. నేను రోజూ మధ్యాహ్నం పోయి కూర్చునేవాణ్ణి, సరుకు తరుగు పోకుండా కాపలా కాస్తున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. నిజానికి దాన్ని చూడకుండా ఉండలేకపోయాను. బురద పోతున్నకొద్దీ అది పాతబడడం మాని కొత్తబడుతున్నట్టుండేది.

రెండో రోజు పిడి మడమకున్న ఇత్తడి రేకు బయటపడింది. మిస్త్రీ బొటనవేలితో రుద్ది, వెలుగులోకి తిప్పి చూశాడు.

"మూడు మేకులు చూడు. రెండు ఇత్తడివి, ఒకటి ఇనుపది. ఇత్తడి మేకు తక్కువపడితె నేనే ఇనుపది కొట్టిన. ఇది ఆ మునిగిన ఊరి పటేలు తుపాకి."

నా దుకాణం అరుగు మీద కూర్చుని పప్పులు చెరిగే మనిషి అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎట్లా ఉంటుంది! ఆమె భర్త ఆ పటేలు దగ్గర కావలివాడు. అడవిపందుల నుంచి చేను కాయడానికి ఈ తుపాకీ అతని చేతిలోనే ఉండేది. ఊరు ఖాళీ చేసి అందరూ గుట్టమీది కొత్త ఊరికి పోయాక, పటేలు వాసాలూ తలుపులూ కాయడానికి అతనొక్కడే వెనక ఆగాడు. వాన దంచింది, గోదావరి ఒక్క రాత్రిలో ఎక్కింది. తెల్లారి ఊరూ లేదు, అతనూ లేడు, తుపాకీ లేదు. మునిగాడని ఎవరూ అనలేదు, ఎందుకంటే వరదలో గోదావరి ఈదినవాడని పేరు. తుపాకీ ఎత్తుకుపోయాడని పటేలు రాసిచ్చాడు. ధర్మాబాద్ మిరపకాయల బజారులో మీసం తీసేసి, ఇంకో ఆడదాని పక్కన కనబడ్డాడని ఎవరో చెప్పారు. ఆ ఒక్క మాటతో పన్నెండేళ్లు గడిపింది ఆమె. పొద్దున చేట పట్టుకోగానే మొదలుపెట్టేది, "యాడ సచ్చిండో, ఎవతి పక్కన సచ్చిండో." మా దుకాణంలో గిరాకీకి ముందు మోగే గంటలా ఉండేది ఆ తిట్టు.

ఇదంతా తెలిసి కూడా మూడో రోజు దాకా ఆమెకు చెప్పలేదు. తొందరపడి చెబితే తుపాకీ మీద ఇంకొక హక్కుదారు తయారవుతుందేమోనని ఆలోచించాను. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అప్పుడు అదే ఆలోచించాను.

మూడో రోజు మిస్త్రీ ఇనుప చువ్వ ఒకటి ఒక నాలిలోకి జారవిడిచాడు. అడుగు దాకా పోయింది. మూతి దగ్గర వేలితో గుర్తు పట్టి, బయట నాలి పక్కన పెట్టి చూపించాడు. సరిగ్గా నాలి పొడుగే. రెండో నాలిలో విడిచాడు. చువ్వ నాలుగు వేళ్లు పైనే ఆగింది.

"ఒకటి కాల్చిండు. ఒకటి నిండుగున్నది."

తర్వాత తుప్పుతో బిగుసుకుపోయిన గుర్రాన్ని, అంటే మీట నొక్కితే ఎగిరి కొట్టే ఇనుప ముక్కను, నిండు నాలి వైపున మెల్లగా పైకి లేపాడు. దాని కింద చిటికెనవేలి గోరంత రాగి టోపీ, దెబ్బకు పేలి లోపలి మందును అంటించేది, పచ్చగా కిలుం పట్టి ఉంది. నడుమ లోతుగా ఒక దెబ్బ. పేలిన టోపీ ఐతే చీలిపోతుందట, ఇది చీలలేదు. సొట్ట మాత్రం పడింది.

"రెండోది గూడ కాల్చిండు సేట్‌సాబ్. ఇది కాలలే. టోపీ తడిసింది."

ఆ మాటకు అర్థం నాకు వెంటనే తట్టలేదు. ఇక దాచి లాభం లేదని మాత్రం తోచింది. రిక్షా పంపి ఆమెను పిలిపించాను.

ఆమె వచ్చి తుపాకీకి దూరంగా, గడప దగ్గర కూర్చుంది. మిస్త్రీ నూనె పోసి నానబెట్టిన నాలిలోకి కొన మెలితిరిగిన చువ్వ దూర్చి తిప్పుతూ, బిగించిన గుడ్డను బయటికి లాగాడు. మైనం పట్టిన ఉండ. విప్పితే లోపలి మడతలో నీలిగళ్లు ఇంకా కనబడుతున్నాయి.

"గిది నా చీర కొంగు," అందామె. "గుడ్డ కావాలంటె నేనే చింపిచ్చిన. మైనం రాసుడు ఆయనకు అలవాటు, తేమ చేరదని." చేయి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది. "యాడ దొరికింది?"

చెప్పాను. దక్షిణం దిక్కు, తలుపు మూల, నిలబెట్టి.

"మా ఇల్లే. ఆ మూలకే పెడుతుండె." తర్వాత తనే మొదలుపెట్టింది. "ఆ పొద్దు తుపాకి సప్పుడు ఇన్న సేటు. పొద్దుగూకంగ, గుట్ట మీదికి ఇనవడ్డది. ఒక్కటే సప్పుడు. కుందేలు కొట్టిండనుకున్న. వస్తడని మసాలా నూరి పెట్టిన."

మిస్త్రీ చేయి ఆగింది. మా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. చుట్టూ నీళ్లు ఎక్కుతుంటే అతను కుందేలును కాల్చలేదు.

ఆమెకు ఇంకో లెక్క తోచింది. "రెండో దాంట్ల మందు అట్లనే ఉన్నదా చాచా?"

"ఉన్నది బేటీ."

"అయితె మునగలే," అందామె. "మునిగేటోడైతె రెండోది గూడ కాలుస్తుండె. కుందేలు కొట్టి, తిని, పటేలు సొమ్ము నాకెందుకని తుపాకి ఇంట్ల పెట్టి పోయిండు. దొంగ కాడు గని మిండగాడే." లేచి కొంగు దులుపుకుని, "పప్పు ఎండల ఉన్నది సేటు, పోత," అని వీధిలోకి నడిచింది.

టోపీ మిస్త్రీ అరచేతిలో ఉంది. "చెప్పకు సేట్‌సాబ్," అన్నాడు. "కోపంతోటి పన్నెండేండ్లు పండుకున్నది, ఇంకో పన్నెండేండ్లు పండుకుంటది. ఇది చెప్తె నిద్రే ఉండది. పిలిస్తె మసాలా నూరిన అనుకుంటది."

"సగం చెప్త చాచా. నీళ్లల్ల పోయిండని అంట. టోపీ సంగతి చెప్ప."

"ఎట్ల నమ్ముతది? నిండు నాలి కండ్లార చూసింది."

మంచి గింజల కింద నూకలు కప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ పూటంతా గల్లాపెట్టె ముందు కూర్చుని ఏ మాట పైన పెట్టాలి, ఏ మాట కింద పెట్టాలి అని చూశాను. అరుగు మీద ఆమె చేట టపటపలాడుతోంది. ఆ సాయంత్రం ఆమె తిట్టలేదు. అన్నాళ్లు రోజూ విన్న తిట్టు వినబడకపోయేసరికి, ఎవరో నా వెనక నిలబడి నేనేం చెబుతానోనని చూస్తున్నట్టనిపించింది. ఉన్నపళాన లేచి పోయి, మిస్త్రీ చేతిలోంచి తెచ్చిన టోపీని ఆమె చేటలో పెట్టాను.

"అక్కా, రెండోది గూడ కాల్చిండు. ఇది తడిసి పేలలే. ఈ సొట్ట చూడు."

ఆమె దాన్ని బొటనవేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. రెండింటికీ జవాబులు తయారుగా పెట్టుకున్నాను, అవేవీ పనికి రాలేదు.

"అంటె," అంది నెమ్మదిగా, "నన్ను పిలిచిండన్నట్టు. ఇంకెవల్నో పిలువలే. నన్నే పిలిచిండు. రెండుసార్లు."

మర్నాడు తుపాకీని ఠాణాలో ఇచ్చాను. ఐదు రోజులు ఎందుకు ఆగావని అడిగితే తూకం వేస్తున్నానని చెప్పాను, కానిస్టేబుల్ నవ్వి, పనికిరానిదని రాసుకున్నాడు. ఎవరి గోడకూ అమ్మలేదు. ఆ బేరంలో నాకు మిగిలింది కిరసనాయిలు ఖర్చు.

వానలు పడకముందే తనను అక్కడికి తీసుకుపొమ్మని అడిగింది ఆమె. బండి కట్టించాను. అప్పటికి నీళ్లు ఇంకా దిగి, దక్షిణం దిక్కు ఇళ్ల మధ్య చీలమండల మట్టానికి వచ్చాయి. మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట లేదు, నీళ్ల మీద గాలి లేదు. ఆమె తన వాకిలి ముందు నిలబడింది, లోపలికి పోలేదు.

పన్నెండేళ్లుగా మా అరుగు మీద కూర్చున్న మనిషి, ఎన్ని తిట్లు తిట్టినా భర్త పేరు ఒక్కసారి పలకలేదు. మా దిక్కు ఆడవాళ్లు పలకరు. రేషన్ కార్డు రాసేటప్పుడు కూడా పక్కింటామెతో చెప్పించింది. అప్పుడు ఆ పేరు పలికింది. గట్టిగా, పొలం అవతలి మనిషిని అన్నానికి పిలిచినట్టు. ఆగి, ఇంకోసారి పలికింది. అది మంచి పేరు. ఆమె నోటితో అన్నదాన్ని నేను ఇక్కడ రాయను.

పిలిచిన తర్వాత, పక్క గదిలోంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆమె తల కొంచెం వంచి ఆగింది. నేనూ ఆగాను.