నడిచిపోయేంత దూరంలో ఇల్లు

మొన్న ఆదివారం మా కూతురి కూతురిని ఊరి బయట గురుకులంలో దింపి వచ్చాం. పిల్ల ఏడవలేదు. సాయంత్రానికే రెండుసార్లు ఫోన్ చేసి, అన్నం బాగుందనీ, ఫ్యాన్ మాత్రం కిర్రుమంటోందనీ చెప్పింది. నేనేమో ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాను. దారి అలసట అంటే అందరూ నమ్మారు. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు, ఆ అలసట దారిది కాదు.

నన్ను హాస్టల్లో వేసినప్పుడు నాకు పదమూడేళ్లు. లాల్‌దర్వాజాలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. బాపు సర్కారు కార్ఖానాలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఆ చలికాలమంతా అమ్మ దగ్గుతూనే ఉంది. ఒకరోజు పొద్దున బాపు నా బట్టలన్నీ రేకుపెట్టెలో సర్ది, రిక్షా పిలిచి, సైదాబాద్‌లోని ఆడపిల్లల హాస్టల్లో దింపి వచ్చాడు. ఎందుకని నాకెవరూ చెప్పలేదు, ఆ రోజుల్లో పిల్లలకు కారణాలు చెప్పడమన్నది ఏ ఇంట్లో ఉండేది గనుక! కారణం నేనే వెతుక్కున్నాను. బోనాలప్పుడు కొత్త పరికిణీ కోసం మొండికేసి అమ్మను ఏడిపించాను కదా, అందుకే వదిలించుకున్నారనుకున్నాను.

హాస్టల్లో తెల్లవారకముందే గంట కొట్టేవారు. చన్నీళ్ల కోసం బకెట్లు పట్టుకొని వరుసలో నిలబడడం, పలుచటి పప్పు, తిన్న కంచం కడిగి బోర్లించడం, మళ్లీ గంట. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చిన పిల్లలు రోజూ ఏడ్చేవాళ్లు, వాళ్లను అందరూ ఓదార్చేవాళ్లు. నేను ఏడిస్తే మాత్రం ఇంత దగ్గర ఇల్లు పెట్టుకొని నీకేం రోగమని నవ్వేవాళ్లు. దూరంగా ఉన్నవాళ్లకే ఏడ్చే హక్కుంటుందని అక్కడే తెలిసింది. ఆదివారాలు గేటు దగ్గర నిలబడేదాన్ని. మొదట్లో వారం వారం వచ్చిన బాపు, తరువాత వరుసగా మూడు ఆదివారాలు రాలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, గేటు దగ్గరి ఆయా కునికిపాట్లు పడుతుంటే బయటికి నడిచాను. అడుగుతూ అడుగుతూ యాకుత్‌పురా రైలుపట్టాలు దాటి, గౌలిపురా మీదుగా మా గల్లీకి చేరేసరికి కాళ్లు మోకాళ్లదాకా దుమ్ము కొట్టుకుపోయాయి. తలుపు తెరిచే ఉంది. గడప మీద కాలు పెట్టానో లేదో, లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

“దాన్ని లోపటికి రానియ్యకు! ఆడనే ఆపు!”

అది అమ్మ గొంతేనా అనిపించింది. బాపు చీపురు చేతిలో పట్టుకొనే పరుగెత్తుకొచ్చి, నన్ను భుజాలు పట్టి బయటి మెట్ల మీదికి తీసుకుపోయాడు. నేను ఏడవలేదు, ఏడుపు రాలేదు.

“నేనేం తప్పు చేసిన బాపు?” అన్నాను.

బాపు చీపురు కింద పెట్టి నా పక్కన కూచున్నాడు. తరువాత నెమ్మదిగా, “నువ్వేం చెయ్యలే బిడ్డా. అమ్మకు టీబీ అయింది. గోలీలు మింగుతున్నది, తక్కువైతది. నీకు అంటుకోవద్దనే గట్ల ఒర్రింది,” అన్నాడు.

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే అమ్మను ఇడిసిపెట్టి పోతుంటివా?”

పక్కింటివాళ్ల కంచం అడిగి తెచ్చి, అన్నంలో పచ్చిపులుసు కలిపి, ఆ మెట్ల మీదే ముద్దలు చేసి పెట్టాడు బాపు. డ్యూటీ, వంట, అమ్మ మందులు, అన్నీ ఒక్కడే చేసుకుంటున్నాడని అతని పెరిగిన గడ్డం చూసి తెలుసుకున్నాను. లోపల అమ్మ దగ్గుతోంది, దగ్గు ఆగినప్పుడల్లా వెక్కుతోంది. అమ్మను చూడకుండానే బాపు సైకిల్ వెనక ఎక్కాను.

హాస్టల్ వార్డెన్ ముందు బాపు చేతులు కట్టుకొని, “ఇంటిమీదికి మనసు గుంజింది మేడం, ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యండి,” అన్నాడు. ఆమె నా దుమ్ముకాళ్ల వైపు చూసి, ముందు పోయి కాళ్లు కడుక్కోమంది, అంతే. ఆ తరువాత నేను గేటు దగ్గర నిలబడలేదు. ధైర్యం వచ్చిందని కాదు, ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయాను. ఆ అలసటను చూసే అందరూ నన్ను బుద్ధిమంతురాలంటూ మెచ్చుకున్నారు.

రెండేళ్లకు అమ్మ పూర్తిగా కోలుకుంది. పదో తరగతి పరీక్షలు రాసి నేను ఇంటికి వచ్చేశాను. మొదటిరోజు అన్నం తిని, కంచం కడిగి బోర్లించి, అమ్మ ముందు నిలబడి, “కొంచెం నీళ్లు తాగనా?” అని అడిగాను. అమ్మ నన్ను అలాగే చూసి, “నువ్వేమన్న సుట్టానివా బిడ్డా, గట్ల అడుగుతున్నవేంది?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మా బాపూ ఇద్దరూ పోయారు. మా గల్లీలో ఆ ఇల్లు తీసేసి దుకాణాలు కట్టారు. ఇప్పటి పిల్లలకు ఇంట్లో ఎవరికి ఏ జబ్బో, దాని పేరేమిటో కూడా తెలుసు, కోపమొస్తే ఫోన్లోనే కడిగేస్తారు. మంచిదే. నేనూ అమ్మా మాత్రం ఆ ఆదివారం గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. తన మీద కోపముందేమోనని ఆమె అడగలేదు, లేదని నేను చెప్పలేదు. బతికినన్నాళ్లూ ఒకరినొకరు ఎంతో మర్యాదగా చూసుకున్నాం.