వదిన వేళ్ల మీద పతంగి కాగితం

డాక్టరీ చదివే రోజుల్లో, రెండో ఏడు నాకు ఒళ్లు తెలియని సంబరం పట్టుకుంది. కారణం గ్రంథులు. మా పాఠాలన్నీ ఉర్దూలోనే జరిగేవి కనుక వాటిని గుదూద్ అనేవాళ్లం. కాలువలూ గొట్టాలూ లేకుండా తమ రసాన్ని నేరుగా రక్తంలోకి వదిలేసే ఆ చిన్న చిన్న ముక్కలే మనిషి పొడవునూ, కోపాన్నీ, ఆకలినీ, నిద్రనూ నడిపిస్తాయని ఉస్తాద్ చెప్పిన రోజు, హుస్సేనీ ఆలంలో మా ఇంటిదాకా దాదాపు ఉరుకుతూ వచ్చాను. లోకంలోని మనుషులందరి గుట్టూ నాకు తెలిసిపోయిందనుకున్నాను.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలుండేవి. ఆ సాయంత్రమే పాలచెంబుల మధ్య కూర్చుని ఇంటిల్లిపాదికీ ఒక్కో గ్రంథి పంచిపెట్టాను. అన్న గుమ్మానికి తల కొట్టుకునేంత పొడగరి. మెదడు కింద, ఎముక గుంటలో శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటుంది, అది అన్న చిన్నప్పుడు కాస్త ఎక్కువే పని చేసిందన్నాను. బాపుకు ముక్కు మీదే కోపం. మూత్రపిండాల మీద రూమీ టోపీల్లా కూర్చున్న రెండు గ్రంథులు ఆయన్ని అట్లా ఎగదోస్తున్నాయన్నాను. దాంతో ఆయనకు ఇంకా కోపం వచ్చింది, నా మాట అక్కడికక్కడే రుజువైపోయింది. అమ్మ మాత్రం ఏం జరిగినా కదలదు, మెదలదు. ఆమెకసలు గుదూద్ లేదని తేల్చేశాను.

అందరికంటే గొప్ప గ్రంథిని మా వదినకిచ్చాను. గొంతు ముందు రెండు రెక్కలు చాచుకుని ఉండే థైరాయిడ్ అది. ఒంట్లో మంటను ఎంత ఎగదోయాలో అదే చూసుకుంటుంది. నీ థైరాయిడంత మంచి థైరాయిడ్ ఈ గల్లీలోనే లేదు వదినె అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. నవ్వడంలో నాకు జోడీ ఆమే. నా మాటలో తప్పేముంది? మేం రెండు బర్రెలు పిండేలోపు ఆమె నాలుగు పిండేది. అందరికంటే ముందు లేచేది. ముగ్గురి తిండి తినేది, అయినా పుల్లలాగే ఉండేది. చలికాలం కూడా చెమటలే. కళ్లు ఇంతింత. ఇసొంటి కోడలు ఎవరికి దొరుకుతదని అమ్మ వాకిట్లో కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది.

ఒక శుక్రవారం, సెలవు రోజు, పై తరగతి వాళ్ల దగ్గర చూసిన తమాషా ఒకటి ఇంట్లో మొదలుపెట్టాను. చేతులు ముందుకు చాపించి, వేళ్ల మీద పలచని కాగితం పెట్టి, అది కదులుతుందో లేదో చూడటం. మా డాబా మీద తెగిపడ్డ పతంగి ఉంటే చింపి తెచ్చాను. బాపు కాగితం మీసాల కిందినుంచి వచ్చిన ఊపిరికే ఎగిరిపోయింది. అమ్మ కాగితం రోలు మీద పెట్టినట్టు ఉండిపోయింది. వదిన వేళ్ల మీద పెట్టగానే అది రెపరెపా కొట్టుకోసాగింది. అందరం నవ్వాం. అందరికంటే వదినే ఎక్కువ నవ్వింది.

ఆమె నవ్వు ఆగింది. కాగితం ఆగలేదు.

చెయ్యి పట్టుకుని నాడి చూశాను. లెక్కపెట్టబోతే అందలేదు. గుటక వెయ్యమన్నాను. నల్లపూసల కింద ఏదో ఉబ్బుగా పైకి లేచి దిగింది. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నవన్నీ, ఆ చెమటలూ, ఆ కళ్లూ, ఆ ఆకలీ, నా పుస్తకంలో ఒకే పేజీలో రోగ లక్షణాలుగా రాసి ఉన్నాయి. నేనా పేజీని రెండుసార్లు బట్టీ పట్టాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. మా కొట్టంలోని ముసలి బర్రె ఈ మధ్య పాలు పిండేటప్పుడు ఆమెను ఎందుకు తంతోందో కూడా అప్పుడే తెలిసింది. చెయ్యి వణుకుతున్న సంగతి దానికెప్పుడో తెలిసిపోయింది.

మూసీ ఒడ్డున దవాఖానలో పెద్ద డాక్టరు చూసి, ఆలస్యం చేస్తే గుండె ఆగిపోతుందనీ, గ్రంథిని చాలామటుకు కోసి తీసెయ్యాలనీ చెప్పాడు. అంతకుముందు కొన్నాళ్లు అయోడిన్ చుక్కలు పాలల్లో వేసి తాగించమన్నాడు. పాలకు మా ఇంట్లో కొదవా? ఆ గోధుమరంగు పాలు తాగుతూ వదిన పెట్టే ముఖాలకు నేను పొట్టచెక్కలయ్యేట్టు నవ్వేవాణ్ని. రాత్రుళ్లు మాత్రం పుస్తకంలో ఆ పేజీనే మళ్లీ మళ్లీ తిరగేసేవాణ్ని.

ఆపరేషనుకు దవాఖానకు పొయ్యే ముందురోజు వదిన నన్ను కొట్టంలోకి పిలిచింది.

"కోసినంక నాకీ జోరు ఉండదా మర్దీ?"

"ఉండదు వదినె. అందరి లెక్కనే అయితవు."

ఆమె బర్రె వీపు నిమిరింది. "అత్తమ్మ నన్ను మెచ్చుకునేది గీ జోరుకే గదా. గది పోయినంక నాల ఏం జూసి ఇష్టపడ్తది?"

ఆమెకు కత్తి గురించి ఫికరే లేదు. ఆ ఒక్క మాటకే భయపడుతోంది. ఏ గ్రంథి పేరడిగినా టక్కున చెప్పే నేను బర్రెకు గడ్డి వెయ్యడానికి పోయాను.

బతికి వచ్చింది. నల్లపూసల కింద సన్నని గీతతో, కాస్త ఒళ్లు చేసి, నెమ్మదిగా నడుస్తూ. చేతనైనప్పుడు లేచేది, చేతనైనంత చేసేది. చేసినదానికల్లా అమ్మ ముఖం వంక చూసేది. అమ్మ ఏమీ అనేది కాదు. అది చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు వదినకు మెలకువ వచ్చేసరికి ఎండ గోడ సగానికి దిగింది. కొట్టంలోకి వచ్చి చూస్తే ఆరు బర్రెలనూ అమ్మ పిండేసింది. వదిన గుంజ పట్టుకుని తల దించుకుని నిలబడింది. అమ్మ చేతులు కడిగి తుడుచుకుని, గూట్లోంచి ఆనాటి పతంగి కాగితం ముక్క తీసింది. దాన్ని ఆమె దాచిపెట్టిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. వదిన చేతిని చాపి, వేళ్ల మీద పెట్టింది. కదలలేదు. ఇంకాసేపు చూసింది. కదలలేదు.

"రెండేండ్ల సంది నీ రోగంతోని పని చేయించుకున్న బిడ్డా," అంది అమ్మ. "అది సాలదని గల్లీ అంత గొప్పలు చెప్పుకున్న."

వదిన ఆ కాగితాన్ని తీసి, అమ్మ చేతిని చాపి, వేళ్ల మీద పెట్టింది. అది రెపరెపా కొట్టుకుంది. వదిన దాన్ని చూసి, అమ్మను చూసి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే పాత నవ్వు ఒక్కసారిగా నవ్వేసింది.

"మర్దీ, జర ఇటు రా. అత్తమ్మకు గూడ గుదూద్ ఉన్నది."